కాగితం మీది వేగం

అనసూర్య నాలుగు రోజులు కూచుని తయారుచేసిన కాగితం మీద వేణుమాధవ్ చాయ్ గ్లాసు పెట్టాడు.

కావాలని చేసింది కాదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతలున్న కాంట్రాక్టర్ ఇంజనీరుకు నచ్చజెబుతూ, చెయ్యి అందిన చోట గ్లాసు దించాడు. "ముప్పై తారీఖు పొద్దుగాల రిపోర్టు మీ టేబుల్ మీద ఉంటది సార్. పోయిన నెల సంగతి వేరే. ఈసారి మిషిన్ల కొత్త కార్డు ఏపిస్తున్న. ఇగ ఆలస్యం అన్న మాటే ఉండది."

అనసూర్య తన కుర్చీలోంచి గ్లాసు వంక ఒకసారి చూసింది. డ్రోన్ బ్యాటరీల బిల్లు టైపు చేస్తున్నది కాస్తా మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.

ఎదురు బల్ల దగ్గర కూచున్న బుచ్చన్నకు మాత్రం అది కళ్లలో పడ్డ నలకలా అయింది. ముప్పై నాలుగేళ్లు గనుల్లో సర్వేయరుగా పనిచేసిన మనిషి. రిటైరయ్యాక వేణుమాధవ్ నడిపే ఈ చిన్న సర్వే ఏజెన్సీకి వచ్చి లెక్కలు సరిచూసి సంతకం పెడుతుంటాడు. అంకెలున్న కాగితం మీద తడి పడితే ఆయనకు ఒళ్లు మండుతుంది. లేచి వెళ్లి గ్లాసు తీసి కిటికీలో పెట్టాడు. భుజం మీది తువ్వాలతో గుండ్రటి మరకను అద్దాడు. అద్దుతూ అద్దుతూ చదవడం మొదలుపెట్టాడు.

గోదావరిఖని చౌరస్తాకు కొంచెం ఇవతల, మందుల దుకాణం పైన రెండు గదుల్లో ఉంది ఆ ఆఫీసు. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు పైనున్న మట్టిని ఒక కాంట్రాక్టర్ తవ్వి గుట్టగా పోస్తున్నాడు. నెలకు ఎంత మట్టి పోశాడో కొలిచిచ్చే పని వీళ్లది. డ్రోను పైనుంచి పద్నాలుగు వందల ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు ఆ ఫొటోలన్నీ ఒకదానికొకటి కలిపి గుట్ట ఆకారం కట్టి, ఇన్ని ఘనపు మీటర్లని చెబుతుంది. ఆ చెప్పడానికే దానికి దాదాపు రెండు రోజులు పడుతోంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. పోయిన నెల రిపోర్టు రెండు రోజులు ఆలస్యమైంది. ఈ నెలా అట్లాగే అయితే పనిని హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తామని ఇంజనీరు ముఖానే చెప్పాడు.

వేణుమాధవ్ ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. "అనసూర్యా, ఇగ నువ్వు ఆ కార్డుల టేబుల్ గీబుల్ ఇడిసిపెట్టు. కరీంనగర్ల కంప్యూటర్లు అమ్మే గిడియోన్ దగ్గర రెండు గ్రాఫిక్స్ కార్డులు ఉన్నయట. ఒకదాని వేగం ఇరవై మూడు టెరాఫ్లాప్స్, ఇంకోదానిది పద్దెనిమిది. పెద్దదే తెమ్మన్న."

"అన్నా, ఆ ఇరవై మూడు కాగితం మీదిది. దాని మెమరీ దారి సన్నం. మన పనికి..."

"ఇరవై మూడు పెద్దదా, పద్దెనిమిది పెద్దదా?"

అనసూర్య మళ్లీ బిల్లు వైపు తిరిగింది.

"హైదరాబాద్ కెల్లి ఆపరేటర్ ఒకాయన వస్త అంటున్నడు. కార్డు ఏసినంక మిషిన్ ఆయనకు అప్పజెప్త. నువ్వు బిల్లులు చూస్కో, గా పని నీకు అలవాటే." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. మూడు రోజులుగా నిద్రలేని కళ్లు.

డ్రోను తీసిన ఫొటోలను ఏడాదిన్నరగా కంప్యూటరుతో గుట్టలుగా మార్చుతున్నది అనసూర్యే. ఇంటర్ చదివి, బిల్లులు కొట్టడానికి చేరి, ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది. ఆ సంగతి వేణుమాధవ్‌కు తెలియదని కాదు. తెలిసిన సంగతిని తలచుకునే తీరిక లేదు, అంతే.

బుచ్చన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇంటి వరండాలో చాప పరచుకుని, ఆ కాగితాన్నీ ఒక తెల్లకాగితాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు. పక్కనే ఆయన భార్య సారక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"రిటైరైనా లెక్కలు తప్పలేదా నీకు?"

"నావి కావు. ఆఫీసుల అనసూర్యవి."

తప్పు పట్టుకుందామనే మొదలుపెట్టాడు. ఎవరి లెక్క చేతికొచ్చినా ఆయన చూసే చూపు అదే. తొమ్మిది కార్డులు, ఏడు గళ్లు. శీర్షికలు తెలుగులో, గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. కోర్లు. గడియారం. కాగితం మీది వేగం. మెమరీ. దారి వెడల్పు. సెకనుకు మోసే సరుకు. తాగే కరెంటు. ప్రతి అంకె పక్కనా, అది ఏ పత్రంలో ఎన్నో పేజీలో దొరికిందో చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది. రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించిన అంకెలను రెండూ రాసి, ఏది ఎందుకు తీసుకుందో కింద చెప్పింది.

మొదటి కార్డు. నాలుగు వేల ఆరు వందల ఎనిమిది కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న భాగాలు. గడియారం రెండున్నర గిగాహెర్ట్జ్. వాటిని గుణించి, మళ్లీ రెండుతో గుణించింది. ఇరవై మూడు వేల నలభై గిగాఫ్లాప్స్, అంటే ఇరవై మూడు టెరాఫ్లాప్స్. బుచ్చన్న పెన్సిలుతో వేశాడు. సరిపోయింది. రెండో కార్డు మూడు వేల ఎనిమిది వందల నలభై, రెండు పాయింట్ నాలుగు, మళ్లీ రెండు. పద్దెనిమిది వేల నాలుగు వందల ముప్పై రెండు. అదీ సరిపోయింది. ఆ తర్వాతి గడిలో లెక్క తిరగబడింది. మొదటిదాని దారి నూట ఇరవై ఎనిమిది బిట్లే, సెకనుకు రెండు వందల ఎనభై ఎనిమిది గిగాబైట్లు మోస్తుంది. రెండోదాని దారి నూట తొంభై రెండు బిట్లు. అది నాలుగు వందల ముప్పై రెండు మోస్తుంది.

తొమ్మిది వరుసలూ వేశాడు. పెన్సిలు రెండుసార్లు చెక్కుకున్నాడు. తప్పు దొరకలేదు. మొదటి కార్డు మెమరీ గడి ఒక్కటి మాత్రం ఖాళీగా ఉంది. ఆ కార్డు పేరుతోనే బజారులో రెండు రకాలున్నాయనీ, ఒకదానికి మెమరీ సగమేననీ, గిడియోన్ పంపిన ధరల పట్టీలో అది ఏ రకమో రాయలేదనీ పక్కన రాసి, ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టింది.

బుచ్చన్న ఆ ప్రశ్న గుర్తును చాలాసేపు చూశాడు. తెలియని చోట అందాజాగా ఏదో ఒక అంకె నింపేవాళ్లను ఆయన జీవితమంతా చూశాడు. తెలియదని ఖాళీగా వదిలినవాళ్లు వేళ్ల మీద లెక్కకు కూడా రారు.

"తప్పులు దొర్కినయా?" అంది సారక్క.

"దొర్కలే," అన్నాడు. అన్న తీరులో ఏముందో, ఆమె చిక్కుడుకాయ పట్టుకునే అతని ముఖంలోకి చూసింది.

ఆఫీసుకు వెళ్తూనే అనసూర్య బల్ల పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"బిడ్డా, అన్ని లెక్కలల్ల రెండుతోని గుణించినవు. ఆ రెండు యాడికెల్లి వచ్చింది?"

అడిగే మనిషి దొరికిన సంతోషం ఆమె ముఖంలో దాగలేదు. "ఒక్క కోరు, గడియారం ఒక్కసారి కొట్టేటాల్లకు ఒక గుణకారం చేసి, ఒక కూడిక గూడ చేస్తది కాకా. రెండు పనులు. అందుకే రెండు."

"గుణించుడు, కల్పుడు." బుచ్చన్న తలూపాడు. "మేము పట్టికలు ముందటేసుకుని దినమంత చేసింది గదే."

"అవును కాకా. గదే పని. అది సెకనుకు ఇరవై మూడు లక్షల కోట్లసార్లు చేస్తది." తన నోట్లోంచి వచ్చిన అంకెకు తనే ఒక్క క్షణం ఆగింది. "చేస్తది అంటే, చెయ్యగల్గుతది. అన్ని కోర్లు ఒక్కటి గూడ ఖాళీగ కూసోకుంట పని చేస్తెనే. మా ఆయన డంపర్ నడుపుతడు గద. వంద టన్నుల బండి గంటకు ఇన్ని ట్రిప్పులు అని కంపెనీ పుస్తకంల ఉంటది. రోడ్డు సన్నగుంటె, ఎదురుంగ ఇంకో బండి వస్తె ఆగాలె. ఫొటోల పనిల సరుకు మోసుడే ఎక్కువ. అందుకే దారి వెడల్పున్నది గావాలె అంటున్న."

"ఎంత తేడా వస్తదనుకుంటున్నవు?"

"నూట ఇరవై ఫొటోల ముక్క ఏస్తె పెద్ద అంకె కార్డుకు నలభై నిమిషాలు. దీనికి ముప్పై."

"రాయి."

"ఏంది కాకా?"

"నోటితోని చెప్పుడు గాదు. పరీక్ష పెట్టకముందుకే కాగితం మీద రాసి, తారీఖు ఏసి పెట్టు. కొలిచినంక రాస్తె అది అందాజ గాదు."

ఆమె రాసింది. బుచ్చన్న ఆ కాగితం తీసుకెళ్లి వేణుమాధవ్ ముందు పెట్టాడు. "వేణూ, రెండు కార్డులు తెప్పియ్యి. ఏసి చూసినంకనే ఒకటి ఉంచుకుంట అని చెప్పు. ఇందుల నీకు పోయేది లేదు." పెద్దాయన మాట కాదనలేక వేణుమాధవ్ ఫోను తీశాడు.

బుధవారం పొద్దున గిడియోన్ రెండు పెట్టెలతో దిగాడు. కరీంనగర్‌లో కంప్యూటర్ల దుకాణం నడుపుతాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. మొదట వేణుమాధవ్‌తోనే మాట్లాడాడు. ఎర్ర ప్రశ్న గుర్తు చూపించి అనసూర్య అడిగిన తర్వాత ఆమె వైపు తిరిగాడు. పెట్టె మీది అక్షరాలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, దుకాణానికి ఫోను చేసి కనుక్కుని, "ఇది ఎక్కువ మెమరీదేనక్కా. కాని నిజం చెప్తున్న, రెండు రకాలుంటయని నాకే తెల్వది. నా పట్టీల దిద్దుకుంట," అన్నాడు. అనసూర్య ఖాళీ గడిలో అంకె నింపింది.

పెద్ద అంకె కార్డు ముందు వేశారు. నూట ఇరవై ఫొటోలు. నలభై ఒక్క నిమిషాలు.

"చూసినవా కాకా, ఒక్కటే నిమిషం తేడా," అంది అనసూర్య మెల్లగా. బుచ్చన్నకు తన చేతి లెక్కే కుదిరినంత హాయిగా ఉంది.

గిడియోన్ మిషను ఆపి, మరలు విప్పి, రెండో కార్డు బిగించాడు. అవే ఫొటోలు. ఇరవై నిమిషాలు, ఇరవై అయిదు. అనసూర్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూచుంది. ముప్పై దాటింది. ముప్పై అయిదు. నలభయ్యో నిమిషానికి పని ముగిసింది.

వేణుమాధవ్ నవ్వాడు, చెడ్డగా కాదు. "నేను చెప్పలే? రెండు ఒక్కటే. ఎక్కువ అంకెదే ఉంచుదం."

అతను గిడియోన్‌ను తీసుకుని చాయ్‌కి కిందికి దిగాడు. గదిలో ఇద్దరే మిగిలారు. బుచ్చన్నకు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు. గొంతు తగ్గించి అన్నాడు.

"బిడ్డా, ఫొటోలు మరీ తక్కువైనయి. సెట్టింగు జర పెంచి ఇంకోసారి నడుపు. మెమరీ ఎక్కువ తాగేటట్టు పెడితె రెండోదే గెలుస్తది గద? పొద్దటి పరీక్ష సంగతి ఇడిసిపెడుదం. అంకెలు మనమే రాసేది."

అనసూర్య తన కాగితంలో 'ముప్పై' అని రాసిన చోట గీత కొట్టకుండా, పక్కన 'నలభై' అని రాసింది. దాని పక్కన 'నా అందాజ తప్పింది' అని రాసింది.

"గట్ల పెడితె గెలుస్తది కాకా," అంది. "కాని మనం మన పని ఆ సెట్టింగుల చెయ్యం గద. మనకు గావాల్సింది కార్డు గెలుసుడు గాదు. గుట్ట లెక్క ముప్పై తారీఖు వరకు తేలుడు. పది నిమిషాలు తప్పినయంటె, నాకు తెల్వంది ఏందో దీంట్ల ఉన్నది. అది చూడాలె."

బుచ్చన్న చెంపలు వేడెక్కాయి. ముప్పై నాలుగేళ్లు కొలతలు కొలిచిన మనిషి తను. ముందుగా రాయి, తారీఖు వెయ్యి అని ఆమెకు చెప్పిందీ తనే. అయినా ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. ఆమె ఆ మాటను పట్టించుకున్నట్టు కూడా లేదు. అప్పటికే పద్నాలుగు వందల ఫొటోలూ ఎక్కించి అసలు పని మొదలుపెట్టేసింది.

"ఇదివరకు సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి పోతుంటిమి కాకా. దీని ముంగట ఎవ్వరం కూసోలే. ఇయ్యాల కూసుంట."

కూచుంది. తెర మీద ఒక పక్క ఫొటోలు కలిసే పని, ఇంకో పక్క కంప్యూటరులో ఏ భాగం ఎంత పని చేస్తుందో చూపే గీతలు. ప్రతి పదిహేను నిమిషాలకూ ఆ గీతల అంకెలు నాలుగింటిని నోటు పుస్తకంలో దించుకుంది. అన్నం డబ్బా విప్పి, ఎడమ చేత్తో రాస్తూ కుడి చేత్తో తింది. బుచ్చన్న ఏదో లెక్క చూస్తున్నట్టు కూచున్నాడు గాని ఆమెనే చూస్తున్నాడు. పాతరోజుల్లో ఎండలో లెవెల్ యంత్రం ముందు ఒంటికన్ను మూసుకుని నిలబడేవాళ్లకు అట్లాంటి కుదురు ఉండేది. బుడగ మధ్యకు వచ్చి ఆగేదాకా ఊపిరి కూడా బిగబట్టేవాళ్లు.

మొదటి మెట్టు కార్డు పరుగు మీద దాటించింది. మూడు గంటలప్పుడు రెండో మెట్టు, చుక్కలన్నీ కలిపి గుట్ట పేర్చే పని, అరవై రెండు శాతం దగ్గర ఆగింది. నాలుగయినా అరవై రెండే.

అనసూర్య లేచి వెళ్లి వేణుమాధవ్‌నూ గిడియోన్‌నూ పిలిచింది.

"అన్నా, జర ఇటు చూడు. కార్డు మూడు శాతం పని చేస్తున్నది. ఖాళీగ కూసున్నది. గంట నుంచి గట్లనే." వేలు పక్క గీత మీదికి జరిపింది. "ర్యామ్ నిండింది. పదహారుకు పదహారు. నిండినంక మిగిలింది పాత డిస్కు మీద పెట్టుకుంటున్నది, తీసుకుంటున్నది. డిస్కు నూటికి నూరు. పోయిన నెల గూడ గిక్కడ్నే రాత్రంత కూసున్నట్టున్నది. పొద్దటి చిన్న ముక్కల గూడ ఫొటోలు డిస్కు మీదికెల్లి వచ్చుడే ఆలస్యం. అందుకే రెండు కార్డులకు ఒక్కటే టైం వచ్చింది."

"అంటే?" అన్నాడు వేణుమాధవ్.

"అంటే కార్డు ఏది మంచిదని నేను నాలుగు రోజులు చూసిన. నువ్వు పెద్ద అంకె చూసినవు. ఇద్దరం తప్పు ప్రశ్నే అడిగినం. ర్యామ్ అరవై నాలుగు, కొత్త రకం డిస్కు ఒకటి. గీ రెండు ఏస్తె పాత కార్డుతోనే ఏడు గంటలల్ల అయితది. ఏడున్నర దాటది."

వేణుమాధవ్ ముఖం కందింది. "మరి నాలుగు రోజులు ఆ టేబుల్ ఎందుకేసినట్టు?"

"కార్డు చెయ్యగల్గింది ఎంతనో తెలిసింది కాబట్టే అన్నా, అది చేస్తలేదని పట్టుకున్న. గా టేబుల్ లేకుంటె కార్డే మంచిది గాదు అనుకుంటుంటిమి."

గిడియోన్ తెర ముందుకు వంగి ఆ గీతలు తనే చూశాడు. రెండు కార్డులు అమ్ముడుపోని మనిషికి ఉండాల్సిన ముఖం కాదది. "అక్కా, పదిహేనేండ్ల నుంచి అమ్ముతున్న. కొననీకి వచ్చి, నాకు కార్డే వద్దని రుజువు చేసినోళ్లను చూడలే," అని, ఫోను తీసి దుకాణానికి చేశాడు. "ర్యామ్, డిస్కు రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పెట్టున్రి. జల్ది."

గురువారం పొద్దున ఎనిమిది నలభైకి పాత కార్డుతోనే పని మొదలైంది. వేణుమాధవ్ గదిలో కుదురుగా నిలవలేకపోయాడు. కిందికి దిగడం, పైకి ఎక్కడం. అరవై రెండు శాతం దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అంకె అరవై మూడయింది. అరవై నాలుగు. ఆగకుండా పోయింది. మధ్యాహ్నం మూడు యాభైకి గుట్ట మొత్తం తెర మీద నిలిచింది. మట్టి జారిన చాళ్లూ, డంపర్లు తిరిగిన దారులూ వేలితో తాకితే అంటుకునేటట్టు కనిపిస్తున్నాయి. ఏడు గంటల పది నిమిషాలు.

కాంట్రాక్టర్ ఇంజనీరు ఫోను చేసింది అప్పుడే. వేణుమాధవ్ అయిందని చెప్పాడు. అవతలివైపు నుంచి ఏదో అడిగారు. అతను జవాబు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "సార్, చేసిన మనిషి ఈడనే ఉన్నది. ఆమెనే అడుగున్రి. ఇగ ప్రతి నెల ఆమెనే చేస్తది," అని ఫోను అనసూర్య చేతికి ఇచ్చాడు. ఇచ్చి, ఆమె కుర్చీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు.

ఇక మిగిలింది బుచ్చన్న పని. యంత్రం చెప్పిన లెక్కను చేత్తో సరిచూడాలి. గుట్టను అడ్డంగా పదిహేడు చోట్ల కోసినట్టు ఊహించి, ఒక్కో కోతకూ వైశాల్యం కట్టి, అన్నీ కూడి ఘనం తీస్తాడు. రెండు లెక్కలకూ తేడా రెండు శాతం లోపు ఉంటే సంతకం.

యంత్రం ఆరు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందల ఘనపు మీటర్లంది. బుచ్చన్నకు ఆరు లక్షల ముప్పై ఒక్క వేల తొమ్మిది వందలు వచ్చింది. తేడా రెండు దాటింది. కొంచెమే. మళ్లీ కూడాడు. అంతే వచ్చింది.

పదకొండో కోతలో ఒక ఎత్తును కాస్త తగ్గించి రాస్తే సరిపోతుంది. ఎక్కడ తగ్గించాలో, ఎంత తగ్గించాలో ఆయన చేతికి తెలుసు. పోయిన నెల అట్లాగే చేశాడు. ఇంత చిన్న తేడాకు ఏం పోతుంది, రెండు రోజులు ఆలస్యం ఎట్లాగూ అయింది అనుకుని, ఎవరికీ చెప్పకుండా సర్ది సంతకం పెట్టాడు. అది ఆయనకు తప్పనిపించలేదు, ఈ రోజు దాకా.

రబ్బరు చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. పుస్తకం పట్టుకుని అనసూర్య దగ్గరికి వెళ్లాడు.

"బిడ్డా, నా లెక్కల యాడనో తప్పున్నది. నాకు దొర్కుతలేదు. జర చూస్తవా?"

ఆమె ఆశ్చర్యపోలేదు. తెర కట్టేసి, బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి, పుస్తకానికి చోటు చేసింది. కుర్చీ దగ్గరికి లాగింది.

"ఎన్ని సెక్షన్లు కాకా?"

"పదిహేడు."

"ఒకటో దానికెల్లి చూద్దం." పుస్తకాన్ని ఇద్దరికీ కనిపించేలా మధ్యకు తిప్పింది. మొదటి ఎత్తు మీద పెన్సిలు కొన ఆనించి, పైకి చదవమన్నట్టు ఆయన వైపు చూసింది.

బుచ్చన్న కళ్లజోడు సర్దుకున్నాడు.

"పోయిన నెల పుస్తకం ఇంట్ల ఉన్నది," అన్నాడు. "అది గూడ రేపు తెస్త."